ఫ్రేజా, క్లాజా? ముందు క్రియని కదిపి చూడండి

యూనిట్ టెస్టులు దగ్గర పడ్డాయంటే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో, వాటర్ ట్యాంకర్ గొడవల మధ్యలో, ఒక మెసేజ్ తప్పకుండా వస్తుంది: "అక్కా, మావాడికి ఫ్రేజ్‌కీ క్లాజ్‌కీ తేడా అస్సలు ఎక్కట్లేదు, సాయంత్రం కాసేపు కూర్చోబెట్టుకుంటారా?" నేను నల్లకుంటలో ఇంటి దగ్గరే ట్యూషన్లు చెప్తాను, ఆరో తరగతి నుంచి పది దాకా, ఇంగ్లీషూ తెలుగూ రెండూ. రెండూ చెప్తాను కాబట్టే ఈ పోస్టు రాయాలనిపించింది. ఈ ఫ్రేజ్, క్లాజ్ టెన్షన్‌కి సగం మందు తెలుగు పీరియడ్‌లోనే ఉంది, దాన్ని ఇంగ్లీషు పీరియడ్‌లోకి ఎవరూ పట్టుకురారు. ఇంకో సంగతేంటంటే, అసలు చిక్కులో సగం కూడా తెలుగు వల్లే వస్తుంది, అది ఇంకా ఎవరికీ పట్టదు.

పిల్లలకి నిర్వచనం రాదనుకుంటారు చాలామంది. వస్తుంది. నిద్రలో లేపి అడిగినా చెప్తారు. ఫ్రేజ్ అంటే కొన్ని పదాల గుంపు, అర్థం ఉంటుంది కానీ పూర్తి అర్థం ఉండదు. క్లాజ్ అంటే సబ్జెక్టూ ప్రెడికేటూ ఉన్న పదాల గుంపు. మన అమ్మానాన్నల కాలం నుంచి గ్రామర్ పుస్తకాల్లో ఉన్నదే ఇది. కానీ పిల్లలు ఇందులో తేలిగ్గా ఉన్న ముక్కనే పట్టుకుంటారు, అంటే "పూర్తి అర్థం" అన్న మాటని, ఇక ఏది కనబడినా దాంతోనే కొలుస్తారు. "వెన్ ద బెల్ ర్యాంగ్" ఇచ్చి చూడండి. బెల్ కొట్టినప్పుడు... కొట్టినప్పుడు ఏమైంది? చెప్పలేదు. పూర్తి అర్థం లేదు, కాబట్టి ఫ్రేజ్ అని రాసేస్తారు. వాళ్ళ లాజిక్‌లో వంక పెట్టడానికేం లేదు పాపం. అర్థం పూర్తయిందా లేదా అన్నది ఆ ముక్క సొంతంగా వాక్యం అవుతుందా లేదా అన్నదే చెప్తుంది, అది ఫ్రేజా క్లాజా అన్నది చెప్పదు. ఒక బెల్ ఉంది, అది మోగింది, ఫలానా కాలంలో మోగింది. క్లాజ్ అవడానికి ఇంతకంటే ఏం అక్కర్లేదు.

ఇంకో తప్పుడు కొలత పొడుగు. పొడుగ్గా ఉంటే క్లాజ్, పొట్టిగా ఉంటే ఫ్రేజ్ అని ఎవరూ చెప్పరు, అయినా పిల్లల బుర్రలోకి అదెలాగో దూరిపోతుంది. అందుకే మొదటి రోజే రెండు రాసి చూపిస్తాను. "ద ఓల్డ్ గ్రీన్ బస్ విత్ ద బ్రోకెన్ విండో నియర్ ద కోఠీ బస్ స్టాప్" అంతా కలిపి ఒక ఫ్రేజ్. ఇంత చెప్పినా ఆ బస్సు ఏం చేసిందో చెప్పలేదు. "ఐ స్లెప్ట్" రెండే మాటలు, నిఖార్సైన క్లాజ్. దీంతో పొడుగు సంగతి తేలిపోతుంది, మళ్ళీ దాని జోలికి వెళ్ళక్కర్లేదు.

రైలింజన్ పోలిక చాలామంది టీచర్లు చెప్తుంటారు: క్లాజ్‌కి ఇంజిన్ ఉంటుంది, ఫ్రేజ్ అంటే ఉత్త బోగీ. వినడానికి బాగుంటుంది, ఆరో తరగతి వరకూ లాక్కొస్తుంది కూడా. సబార్డినేట్ క్లాజ్, అంటే ఇంకో క్లాజ్‌ని ఆనుకుని ఉండాల్సిన క్లాజ్, రాగానే కూలబడుతుంది. ఇంజిన్ ఉండి కూడా సొంతంగా నడవలేని బండేంటి అని తెలివైన పిల్ల ఎవరైనా అడిగితే మన దగ్గర జవాబుండదు. నేనైతే పోలికలు మానేసి నేరుగా క్రియ దగ్గరికి తీసుకెళ్తాను.

క్రియ అనగానే ఇంకో తంటా మొదలవుతుంది. "స్టాండింగ్ నియర్ ద గేట్" ఇస్తే స్టాండింగ్ ఉందిగా, వెర్బే కదా, క్లాజ్ అంటారు. "టు విన్ ద మ్యాచ్" అంటే విన్ ఉందిగా అంటారు. "క్లాజ్‌లో వెర్బ్ ఉంటుంది" అని చెప్పి వదిలేస్తే జరిగేది ఇదే. ఉండాల్సింది ఏదో ఒక వెర్బ్ కాదు, కాలాన్ని బట్టి మారే వెర్బ్. ఇంగ్లీషు పుస్తకాల్లో దాన్ని ఫైనైట్ వెర్బ్ అంటారు, ఆ పేరు పెద్ద తరగతుల్లో నేర్చుకోవచ్చు, పరీక్ష మాత్రం ఆరో తరగతిలోనే నేర్పాలి.

పరీక్ష చాలా సింపుల్. నోటుబుక్ మార్జిన్‌లో ఒకదాని కింద ఒకటి "నిన్న, రోజూ, రేపు" అని రాయిస్తాను. వాటి పక్కన ఒకే వాక్యాన్ని మూడుసార్లు. నిన్న దగ్గర "స్టాండింగ్ నియర్ ద గేట్, ద వాచ్‌మన్ వేవ్డ్ ఎట్ అస్". రోజూ దగ్గరికి వచ్చేసరికి "వేవ్స్ ఎట్ అస్". రేపు అయితే "విల్ వేవ్ ఎట్ అస్". ఇప్పుడు పెన్సిల్‌తో, మారిన మాట చుట్టూ సున్నా చుట్టమంటాను. మూడు లైన్లలోనూ సున్నాలు ఒకే చోట పడతాయి. స్టాండింగ్ మీద ఒక్క సున్నా కూడా పడదు, మూడు చోట్లా అచ్చం ఒకేలా ఉంది. మారేది ఉన్న ముక్క క్లాజ్, మారేది లేని ముక్క ఫ్రేజ్. ఇంకా అనుమానముంటే వాచ్‌మన్ ఒక్కడి బదులు ఇద్దర్ని పెట్టమంటాను. రోజూ లైన్‌లో "వేవ్స్" కాస్తా "వేవ్" అయిపోతుంది, స్టాండింగ్‌కి మాత్రం ఎంతమంది వాచ్‌మన్లు వచ్చినా చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

ఇది చేయించాకే తెలుగు పుస్తకం తీయమంటాను. పిల్లలు మొహమొహాలు చూసుకుంటారు, ఇంగ్లీషు క్లాసులో ఇదెందుకని. "వాచ్‌మన్ గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపాడు." ఊపాడు, ఊపుతాడు. ఆయన భార్య అయితే ఊపింది. ఇద్దరూ కలిస్తే ఊపారు. నిలబడి మాత్రం నిలబడే ఉంది. ఊపాడు సమాపక క్రియ, నిలబడి అసమాపక క్రియ. ఇది వాళ్ళకి కొత్త సంగతేం కాదు. సామాన్య వాక్యం, సంక్లిష్ట వాక్యం, సంయుక్త వాక్యం అని తెలుగు క్లాసులో చేసిందే. క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, అప్యర్థకం అని పలకడానికే నోరు తిరగని పేర్లు పదో తరగతిలో బిట్ పేపర్ కోసం బట్టీ కొట్టిందే. 2018లో తెలుగు తప్పనిసరి చట్టం వచ్చినప్పటి నుంచి తెలంగాణలో ఏ బోర్డు స్కూలైనా తెలుగు చెప్పాల్సిందే కాబట్టి సెంట్రల్ సిలబస్ పిల్లల చేతుల్లో కూడా తెలుగు వాచకం ఉంటోంది. అయినా ఒక పీరియడ్‌లో నేర్చుకున్నది ఇంకో పీరియడ్‌లోకి నడిచి రాదు, ఎందుకంటే మధ్యలో టీచర్ మారతారు, నోటుబుక్ మారుతుంది, అట్ట రంగు కూడా మారుతుంది.

నల్గొండ నుంచి వచ్చిన ఏడో తరగతి పిల్లాడొకడు ఇదంతా విని, "అయితే ఆంటీ, స్టాండింగ్ అంటే గా నిలబడి లెక్కనే, గంతేనా?" అన్నాడు. గంతే.

కానీ అక్కడితో ఆగితే మునుగుతాం. తెలుగు సాయం చేసినంత సేపు చేసి, సరిగ్గా ముఖ్యమైన చోట మోసం చేస్తుంది. "వర్షం పడితే మ్యాచ్ ఉండదు" తీసుకోండి. పడితే అనేది చేదర్థకం, అంటే అసమాపకం. నిన్నైనా రేపైనా పడితే పడితేనే. కాబట్టి తెలుగు వాక్యాన్ని మనసులో పెట్టుకున్న పిల్ల "ఇఫ్ ఇట్ రెయిన్స్" కూడా ఫ్రేజ్ అనే అంటుంది. కానీ ఇంగ్లీషులో అది "ఇఫ్ ఇట్ రెయిన్డ్" అవుతుంది, "ఇఫ్ ఇట్ హ్యాడ్ రెయిన్డ్" అవుతుంది, అంటే క్రియ కదులుతోంది, క్లాజే. "బెల్ కొట్టినప్పుడు" కూడా ఇంతే. నేను పైన చెప్పిన "వెన్ ద బెల్ ర్యాంగ్" తప్పు వెనక అసలు కారణం ఇదేనని నా అనుమానం. పిల్లలు ఇంగ్లీషు వాక్యం చదివి లోపల తెలుగులో వింటారు, తెలుగులో అక్కడ పూర్తి క్రియే లేదు మరి!

తెలుగు వాక్యం నడకే అంత. చివర్లో ఒక్క సమాపక క్రియని కూర్చోబెట్టి మిగతా పనులన్నీ అసమాపక క్రియలకి అప్పగించేస్తుంది. "పొద్దున్నే లేచి, స్నానం చేసి, టిఫిన్ తిని, బస్సు దొరక్కపోతే ఆటో ఎక్కి, బెల్ కొట్టేలోపు బడికి వచ్చాడు" అని ఊపిరి తిప్పుకోకుండా చెప్తాం, మొత్తం వాక్యంలో కాలం చెప్పే క్రియ వచ్చాడు ఒక్కటే. దీన్ని ఇంగ్లీషులో రాయమంటే గాట్ అప్, బేద్డ్, ఏట్, కుడ్ నాట్ ఫైండ్, టుక్, రీచ్డ్, ర్యాంగ్ అని అన్నీ కాలం తొడుక్కుని బయటికొస్తాయి. ఈ ఒక్క వాక్యం బోర్డు మీద రెండు భాషల్లో రాసి సున్నాలు చుట్టిస్తే గంటసేపు లెక్చర్ ఇచ్చినదానికంటే ఎక్కువ పని జరుగుతుంది. తెలుగు వైపు ఒకటే సున్నా, ఇంగ్లీషు వైపు లైన్ నిండా సున్నాలు. అందుకని నా దగ్గర రూల్ ఒకటే: సమాపకం, అసమాపకం అన్న ఐడియా తెలుగులోంచి తెచ్చుకో, పరీక్ష మాత్రం ఇంగ్లీషు వాక్యం మీదే చెయ్యి.

దీనికి బ్రహ్మాండంగా పనికొచ్చే వస్తువు ఒకటి మా వాచ్‌మన్ కూతురి సంచీలో దొరికింది. ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లీషు మీడియం పెట్టారు కదా, అప్పుడు పాఠ్యపుస్తకాలు రెండు భాషల్లో అచ్చేశారు, ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. పుస్తకాల బరువు పెరిగిందని తిట్టుకున్నవాళ్ళున్నారు, నాకు మాత్రం అది గ్రామర్ నిధిలా కనబడింది. సైన్స్ పాఠాల్లో ఇలాంటి వాక్యాలు కోకొల్లలు: ఇటు "వెన్ వాటర్ ఈజ్ హీటెడ్", అటు "నీటిని వేడి చేసినప్పుడు". ఇటు "ప్లాంట్స్ దట్ గ్రో ఇన్ వాటర్" తరహాలో ఒకటుంటే, అటు "నీటిలో పెరిగే మొక్కలు". రెండు పేజీల మీదా వేలు పెట్టి క్లాజ్ ఎక్కడ మాయమైందో వెతకమంటే ఆ పిల్ల ఆటలా వెతుకుతుంది. ప్రైవేటు స్కూలు పిల్లలు కూడా ఆ పుస్తకం కోసం కొట్టుకుంటున్నారు ఇప్పుడు.

"నీటిలో పెరిగే మొక్కలు", "నిన్న వచ్చిన అబ్బాయి": ఇవి తెలుగులో నామవాచకం ముందు కుదురుగా కూర్చునే విశేషణాలు. ఇంగ్లీషులో నామవాచకం వెనక్కి వెళ్ళి, హూ, విచ్, దట్ తగిలించుకుని, కాలం చెప్పే క్రియతో సహా క్లాజ్ అవుతాయి. "యెస్టర్‌డే కేమ్ బాయ్" అని రాసే పిల్లల మీద కేకలెయ్యకండి, వాళ్ళు తెలుగు వరసని నమ్ముకున్నారంతే. అయితే తెలుగులో సమాపక క్రియతో వచ్చే ఉపవాక్యాలు అసలు లేవనుకుంటే అదీ తప్పే. "ఎవరు ముందొస్తారో వాళ్ళకే కిటికీ సీటు" అంటాం కదా, అందులో వస్తారు పూర్తి క్రియే, చివర ఓ తగిలింది. "అమ్మ రేపు ఊరికెళ్తానని చెప్పింది" అన్నప్పుడు అని ముందు వెళ్తాను పూర్తి క్రియే. రిలేటివ్ క్లాజ్ మొదలుపెట్టాల్సింది ఈ "ఎవరు... వాళ్ళు" వాక్యాలతోనని నా అభిప్రాయం, "వచ్చిన అబ్బాయి"తో కాదు. అలాగే "ఐ నో దట్", "షీ సెడ్ దట్" లాంటివి "అని" దారిలో వెళ్తే ఐదు నిమిషాల పని.

ఇంకో దారి ఉంది, అది మన హైదరాబాద్ పిల్లలకి ఉచితంగా దొరికేది. వీధిలో ఆడుకునేటప్పుడు సగం హిందీ, సగం దక్కనీ ఉర్దూ మాట్లాడతారు కదా. "అగర్ బారిష్ హుయీ తో మై నై ఆతా" అని మా మెట్ల మీద రోజూ వింటూనే ఉంటాను. అందులో హుయీ చూడండి, కాలం చెప్తోంది. "జబ్ బెల్ బజీ" అంటే బజీ, బజ్‌తీ, బజేగీ అని మారుతుంది. "జో లడ్‌కా కల్ ఆయా థా" సరేసరి, ఇంగ్లీషులో హూ ఉన్నట్టే అక్కడ జో ఉంది. అంటే ఈ విషయంలో హిందీ, ఉర్దూ ఇంగ్లీషు పక్కన నిలబడతాయి, తెలుగు వేరే పక్కన. మా ట్యూషన్‌లో ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు వెన్, ఇఫ్ క్లాజులు తొందరగా పట్టేస్తుంటే తెలుగు పిల్లల తల్లులు "మావాళ్ళే మందం" అనుకుంటారు. మందమేం కాదు. "వర్షం పడితే" దగ్గర తట్టని విషయం "అగర్ బారిష్ హుయీ తో" అనగానే మా తెలుగు పిల్లలకీ తడుతుంది. గ్రామర్ కోసం హిందీలో ఆలోచించమంటున్నారా అని ఒకావిడ నొచ్చుకుంది కూడా. ఏ మెట్టు దగ్గరుంటే ఆ మెట్టెక్కుతాం, ఇందులో నొచ్చుకోవడానికేముంది!

ఇంతకీ ఈ తేడా తెలియకపోతే కొంపలేం మునుగుతాయి అని అడుగుతారు తండ్రులు, ముఖ్యంగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళు, "మేం ఇవన్నీ తెలియకుండానే మెయిల్స్ రాయట్లేదా" అని. ఆ మెయిల్స్ నేను చూశాను కాబట్టి ఎక్కువ మాట్లాడను. "బికాజ్ ఆఫ్ ఇట్ రెయిన్డ్", "డిస్పైట్ హీ వాజ్ సిక్", "డ్యూరింగ్ ఐ వాజ్ ఈటింగ్": ఇవన్నీ ఫ్రేజ్ రావాల్సిన చోట క్లాజ్ పెట్టడం వల్ల వచ్చినవే. బికాజ్ తర్వాత క్లాజ్, బికాజ్ ఆఫ్ తర్వాత ఫ్రేజ్. ఆల్‌దో తర్వాత క్లాజ్, డిస్పైట్ తర్వాత ఫ్రేజ్. వైల్, డ్యూరింగ్ కూడా అలాంటి జతే. ఇందులోనూ తెలుగు చెయ్యి ఉంది: మనకి "వర్షం వల్ల" అన్నా వల్లే, "వర్షం పడడం వల్ల" అన్నా వల్లే, పక్కన ఏమొచ్చినా అదే మాట సరిపోతుంది. ఇంగ్లీషు పక్కన ఏమొచ్చిందో చూసి మాట మారుస్తుంది.

ఆఫ్టర్, బిఫోర్, సిన్స్, అంటిల్ మాత్రం రెండు పనులూ చేస్తాయి. "ఆఫ్టర్ లంచ్" ఫ్రేజ్, "ఆఫ్టర్ వీ హ్యాడ్ లంచ్" క్లాజ్. కాబట్టి మొదటి మాట చూసి జవాబు రాసే అలవాటు మానిపించాలి. ఒక స్కూలు వర్క్‌షీట్ కీలో "బిఫోర్ ద ఎగ్జామ్ స్టార్ట్స్" పక్కన ఫ్రేజ్ అని అచ్చేసి ఉండటం నేనే చూశాను, బిఫోర్ అంటే ప్రిపొజిషన్ కదా అన్న లెక్కలో చేసినట్టున్నారు.

"ఎందుకంటే" సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. "నేను నిన్న స్కూలుకి రాలేదు. ఎందుకంటే జ్వరం వచ్చింది." తెలుగులో రెండో ముక్క దర్జాగా సొంత వాక్యం, ఎవరూ కాదనరు. దాన్నే పిల్లలు ఇంగ్లీషులో "బికాజ్ ఐ హ్యాడ్ ఫీవర్" అని రాసి ఫుల్‌స్టాప్ పెడతారు, టీచర్ ఎర్ర పెన్నుతో "ఇన్‌కంప్లీట్" అని రాస్తారు, ఎందుకో చెప్పరు. క్లాజే, కానీ ఇంకో క్లాజ్‌ని ఆనుకుని ఉండాల్సిన క్లాజ్. దాని ముందు వాక్యంతో కలిపి ఒకే ఫుల్‌స్టాప్ పెట్టమంటే సరిపోతుంది.

వర్క్‌షీట్లు చేయించి చేయించి విసుగొస్తే పిల్లల్ని తీసుకుని నల్లకుంట మార్కెట్ నుంచి శంకరమఠం దాకా నడుస్తాను. చేతిలో చిన్న పుస్తకం, ఎడమ పేజీలో ఫ్రేజులు, కుడి పేజీలో క్లాజులు, బోర్డులు చదువుకుంటూ పోవడమే. ఎడమ పేజీ వెంటనే నిండిపోతుంది: టు-లెట్, ఫ్రెష్ ఫ్రూట్ జ్యూస్, టైలరింగ్ అండ్ మగ్గం వర్క్, స్పోకెన్ ఇంగ్లీష్ ఇన్ థర్టీ డేస్. ఊరు మొత్తం ఫ్రేజుల మీదే వ్యాపారం చేస్తోంది. క్లాజ్ కనబడితే పిల్లలు కేకలేస్తారు. "వీ బై ఓల్డ్ గోల్డ్" ఒకటి, "యూ ఆర్ అండర్ సీసీటీవీ సర్వెయిలెన్స్" ఒకటి.

అన్నిటికన్నా మంచి బోర్డు మాత్రం ఇళ్ళ గేట్ల మీదే ఉంటుంది, హైదరాబాద్‌లో ఏ గల్లీకి వెళ్ళినా దొరుకుతుంది: "నో పార్కింగ్. టైర్స్ విల్ బీ డిఫ్లేటెడ్." పైన ఫ్రేజ్, కింద క్లాజ్, ఒకే రేకు ముక్క మీద. మొన్న దాని ముందు నిలబడి పెద్ద వాదన జరిగింది. పార్కింగ్‌లో పార్క్ ఉంది కదా, వెర్బ్ కదా అన్నాడొకడు. నిన్న పెట్టి చూడమన్నాను, మారలేదు, ఎడమ పేజీకి పోయింది. రెండో లైన్‌లో సబ్జెక్టు ఎవరు అంటే, "ఇంటాయన, ఆయనే కదా గాలి తీసేది" అన్నాడు ఇంకొకడు. అప్పటిదాకా నోరెత్తని అమ్మాయి "ఇంటాయన బోర్డు మీద లేడు కదా, టైర్లే ఉన్నాయి" అంది. పని చేసేవాడే సబ్జెక్టు అని కింది తరగతుల్లో చెప్పిన ముక్క అక్కడ రోడ్డు మీద రాలిపోయింది, నేనేం చెప్పక్కర్లేకపోయింది. లోపల్నుంచి ఇంటాయన మా గుంపుని కిటికీలోంచి అనుమానంగా చూడటం మొదలుపెట్టాడు కాబట్టి ప్యాసివ్ వాయిస్ పాఠం అక్కడ చెప్పలేకపోయాను.

"బివేర్ ఆఫ్ డాగ్స్" ఏ పేజీలో రాయాలి? అందులో సబ్జెక్టే కనబడదు. ఆజ్ఞ చెప్పేటప్పుడు ఇంగ్లీషు "యూ"ని మింగేస్తుంది, కాబట్టి కుడి పేజీ. తెలుగు పిల్లలకి ఇది కష్టం కాదు, మనం ఎలాగూ "రేపొస్తా" అంటాం, నేను అనే మాట క్రియలోనే ఉంటుంది. అసలు కష్టం రెండో వైపు నుంచి వస్తుంది. "మా నాన్న డ్రైవర్" అన్నది తెలుగులో పూర్తి వాక్యం, క్రియే లేదు. అందుకని "మై ఫాదర్ ఏ డ్రైవర్" అన్నది కూడా పిల్లల చెవికి క్లాజ్‌లాగే వినబడుతుంది. ఇక్కడ ఈజ్ లేకపోతే కదిలేదేమీ లేదని చూపించాలి: ఈజ్ పెడితే వాజ్ అవుతుంది, విల్ బీ అవుతుంది.

కొంచెం పక్కకి వెళ్తున్నాను, గ్రామర్ అంటే ఇష్టం లేనివాళ్ళు ఈ పేరా వదిలెయ్యొచ్చు. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది, సంజ్ఞ నుంచి ప్రకీర్ణకం దాకా పది పరిచ్ఛేదాలు, అందులో సంధికి ఉంది, సమాసానికి ఉంది, క్రియకి ఉంది, వాక్యానికి విడిగా ఒక పరిచ్ఛేదం లేదు. మన బళ్ళలో సంధులు, సమాసాల మీద ఉన్న శ్రద్ధ వాక్యం మీద లేకపోవడానికి ఆ వారసత్వం కూడా ఒక కారణమేమో అనిపిస్తుంది నాకు. తెలుగు వాక్యాన్ని ఆధునిక భాషాశాస్త్రం పద్ధతిలో విప్పి చూపించిన చేకూరి రామారావు గారు ఉస్మానియాలోనే పాఠాలు చెప్పారు, మా ఇంటి నుంచి కూతవేటు దూరం. ఆ పక్కనే తార్నాకలో ఇఫ్లూ (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) ఉంది, 1958లో దేశం మొత్తానికీ ఇంగ్లీషు టీచర్లని తయారుచేయడానికి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పేరుతో పెట్టింది అదే. తెలుగు వాక్యం ఒక గోడ పక్కన, ఇంగ్లీషు బోధన ఇంకో గోడ పక్కన, మధ్యలో ఉన్న మా నల్లకుంట పిల్లలకి మాత్రం రెండిటినీ కలిపి చెప్పేవాళ్ళు కరువు.

ఇంకో గొడవ పెద్ద తరగతుల్లో వస్తుంది. "టు విన్ ద మ్యాచ్", "స్టాండింగ్ నియర్ ద గేట్" లాంటివి ఫ్రేజులని నేను చెప్పానా, అన్నయ్యలో అక్కలో డిగ్రీలో ఇంగ్లీషు చదువుతుంటే "కాదు, అవి నాన్-ఫైనైట్ క్లాజులు" అంటారు. వాళ్ళు చెప్పేదీ నిజమే. 1985లో క్వర్క్, ఆయన సహచరులు కలిసి రాసిన పెద్ద ఇంగ్లీషు వ్యాకరణం దగ్గర్నుంచి ఆధునిక వ్యాకరణాలు అలాగే లెక్కేస్తాయి. స్కూలు గ్రామర్ పాత లెక్క పాటిస్తుంది. రెండు లెక్కల్లోనూ ఏది కాలం చెప్పే క్రియ, ఏది కాదు అన్న గీత ఒకే చోట పడుతుంది, ఆ గీతకి అవతల ఉన్నదాన్ని ఏ పేరుతో పిలవాలన్నదే తగాదా. పదో తరగతి అయ్యేదాకా స్కూలు లెక్కే పాటించమంటాను, ఇంట్లో అక్కతో వాదించి మార్కులు పోగొట్టుకోవడం దేనికి.

చివరగా నిన్న, రేపు పరీక్ష ఎక్కడ తడబడుతుందో కూడా చెప్పాలి, లేకపోతే ఎవరో ఒక తెలివైన పిల్ల మీ ఇంట్లోనే పట్టుకుంటుంది. ఇఫ్, వెన్, బిఫోర్ ఉన్న క్లాజుల్లో రేపు పనిచేయదు. "ఇఫ్ ఇట్ రెయిన్స్ టుమారో" అంటాం గానీ సాధారణంగా "విల్ రెయిన్" అనం, కాబట్టి క్రియ మారలేదు ఫ్రేజ్ అనేస్తారు. అక్కడ నిన్న పెట్టి చూడాలి, రెయిన్డ్ అవుతుంది. అలాగే కట్, పుట్, హిట్ లాంటివి నిన్న పెట్టినా మారవు: "దే కట్ ద కేక్" నిన్నటిదో రోజూదో చూడగానే తెలియదు. అక్కడ కాలాన్ని వదిలేసి మనిషిని మార్చాలి, దే తీసి హీ పెడితే "హీ కట్స్" అవుతుంది. "హీ కట్ ద కేక్" అని మొదటే ఇస్తే అప్పుడు? ఎస్ లేదు కాబట్టి అది నిన్నటిదే, రోజూ లైన్‌లో రాసి చూస్తే ఎస్ వచ్చి కూర్చుంటుంది. ఆ పట్టిక ఎనిమిదో తరగతి వాళ్ళ చేతే వేయించండి, ఆరో తరగతి వాళ్ళకి కట్, పుట్‌లు ఇవ్వకుండా ఉంటే ఈ ఏడాదికి గడిచిపోతుంది.